పెళ్లి మేళానికి ఏడ్చినవాణ్ణి

స్వీడన్, నార్వే, ఐస్‌లాండ్ దేశాల పాత పాటల్ని నేను ఏళ్ల తరబడి దుఃఖం కోసమే విన్నాను. నా దుఃఖం తీరడానికి కాదు. అప్పటికి నా బతుకులో చెప్పుకోదగ్గ కష్టమేదీ లేదు. ఉద్యోగం బాగుంది, అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నారు, పెళ్లయింది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక లైటార్పేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని మనుషుల దిగులును గుండెలనిండా పీల్చుకోవడం అలవాటైంది. అది నా అభిరుచికి గుర్తని నమ్మాను. ఆ పాటలు ఎవరు పాడారో, ఏ పని చేసుకుంటూ పాడారో, ఎవరిని పడుకోబెట్టడానికి పాడారో కనుక్కోవాలని చాలాకాలం అనిపించనేలేదు. కనుక్కోకుండానే నలుగురికీ చెప్పాను కూడా. ప్రాణంలా ప్రేమించిన పాటలకు నేనే అన్యాయం చేశాను. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలనిపిస్తోంది.

మొదట నా చేతికొచ్చింది స్వీడన్ పియానిస్టు యాన్ యోహాన్సన్ రికార్డు, ‘యాజ్ పో స్వెన్‌స్కా’. 1964లో వచ్చింది. యోహాన్సన్ పియానో, పక్కన గియోర్గ్ రీడెల్ డబుల్ బేస్, అంతే. మూడో వాద్యం లేదు. బాణీలు మాత్రం పాతవి. న్యాయశాస్త్రం చదివిన నీల్స్ ఆండర్సన్ అనే ఆయన ఊరూరా తిరిగి ఫిడేలు వాయించేవాళ్ల దగ్గర బాణీలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఓలోఫ్ ఆండర్సన్ ఆ పని పూర్తిచేశాడు. 1922 నుంచి 1940 దాకా ‘స్వెన్‌స్కా లోతర్’ పేరుతో సంపుటాలుగా అచ్చయిన ఆ బాణీలు ఎనిమిది వేలకు దగ్గరగా ఉంటాయి. యోహాన్సన్ ఆ సంపుటాల్లోంచే కొన్ని తీసుకున్నాడు. రికార్డులో మొదటిది ఊతన్‌మీరా పాట. ఊతన్‌మీరా డాలర్నా ప్రాంతంలో, సిల్యాన్ సరస్సులోని సోలరోన్ దీవి మీద ఉన్న పల్లె. ఆ బాణీని యోహాన్సన్ ఎంత నెమ్మదిగా వాయిస్తాడంటే, ఒక స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి గానీ రెండోది పలికించడు. ఆ ఖాళీల్లో నేను కూర్చునేవాణ్ణి. యోహాన్సన్ 1968 నవంబరులో, ఒక చర్చిలో కచేరీకి వెళ్తూ, కారు ప్రమాదంలో చనిపోయాడని తరవాత చదివాను. వయసు 37. అది తెలిశాక నాకిక పట్టపగ్గాల్లేవు. ప్రతి స్వరంలోనూ రాబోయే చావే వినిపిస్తోందని తేల్చేశాను.

రికార్డు మీద పేర్లు రాసే ఉన్నాయి. నేను చదవలేదు. చదివినా వాటి అర్థమేమిటో వెతకలేదు. నేను కళ్లు తుడుచుకుంటూ విన్న బాణీల్లో ఒకటి పెళ్లికూతుర్ని చర్చికి తీసుకెళ్లేటప్పుడు ఊరేగింపు ముందు ఫిడేలు మీద వాయించేది. ఇంకోటి పెళ్లి విందులో అతిథుల కోసం వాయించేది. మరో రెండు పోల్స్కాలు. పోల్స్కా అంటే ఆడా మగా నడుములు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చెక్క నేల అదిరిపోయేలా ఆడే నాట్యం. వలస పాట ఒకటి మాత్రం నిజంగానే ఎడబాటు పాట. 1850 నుంచి 1930 లోపు సుమారు 13 లక్షల మంది స్వీడన్ విడిచి వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకే. ఆ పాటకు ఏడవడంలో తప్పేమీ లేదు. మిగతావాటికి నేను ఏడ్చిన ఏడుపు పెళ్లింట్లో కూర్చుని ఏడవడం లాంటిదే.

ఎందుకలా వినిపించింది? మన చెవికి ఇది తెలియని విషయమేం కాదు, అందుకే నా తప్పు నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. పడమటి సంగీతంలో మైనర్ అనే స్వరాల వరసలో గాంధారం తగ్గి ఉంటుంది. మన సాధారణ గాంధారమే అది. సినిమాల్లో ఎవరైనా చనిపోయినప్పుడు వెనక వాయించేది సాధారణంగా అదే వరస. గాంధారం తగ్గితే దుఃఖం అని చిన్నప్పటినుంచీ చెవికి అలవాటైపోయింది. మరి ఖరహరప్రియలో ఉన్నదీ సాధారణ గాంధారమే కదా! ఆ రాగం విని ఎవరైనా ఏడుస్తారా? నేను చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నాను. త్యాగరాజస్వామి ఖరహరప్రియలో చేసిన కృతులు ఎంత నిండుగా, ఎంత ఆరోగ్యంగా ఉంటాయో తెలిసినవాణ్ణి. తెలిసి కూడా ఆ చెవిని ఇంట్లో వదిలి, సినిమా చెవితో ఆ ఉత్తర దేశాల పాటలు విన్నాను.

నిజానికి ఆ పాత పాటల గాంధారం సాధారణ గాంధారమూ కాదు. నార్వే, స్వీడన్ పల్లెల పాత గాయకులు పాడేది విన్నప్పుడు గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలబడుతుంది. నిషాదమూ అంతే. పియానో మెట్ల మీద ఆ చోటు లేదు. నార్వేలో తెలెమార్క్‌కు చెందిన ఐవిన్ గ్రూవెన్ (1901–1977) ఈ స్వరాల మీద జీవితమంతా పనిచేశాడు. వాటి మూలం విల్లో చెట్టు బెరడుతో చేసే పిల్లనగ్రోవిలో ఉందని 1927లోనే రాశాడు. వసంతంలో చెట్టుకు రసం ఎక్కినప్పుడు కొమ్మను మెల్లగా తడితే బెరడు చెక్కుచెదరకుండా గొట్టంలా ఊడివస్తుంది. దానికి వేళ్లు పెట్టే కన్నాలుండవు. ఊపిరి బలాన్ని బట్టి, చివరి కన్నాన్ని వేలితో మూసి తెరిచేదాన్ని బట్టి స్వరం మారుతుంది. స్వరాలు ప్రకృతి పెట్టినచోటే ఉంటాయి. బెరడు ఎండిపోతే ఆ గ్రోవి పని అయిపోయినట్టే. ఆ మధ్య గాంధారాన్ని నేను ‘దుఃఖంతో వణికే గొంతు’ అన్నాను. వణుకేమీ లేదు. ఆ గొంతు దాని శ్రుతిలో అది చక్కగానే ఉంది.

ఇక నేను బాహాటంగా చేసిన తప్పు. సంగీతం వినే మిత్రులు కొందరు హైదరాబాదులో కూడేవారు. ఒకసారి వాళ్ల ముందు నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ పియానోకు రాసిన ఒక జోలపాట మీద మాట్లాడాను. 1896లో ఆయన రాసిన 19 నార్వే జానపద గీతాల వరసలో చిట్టచివరిది అది, ‘యెందీనే జోలపాట’. రెండు పుటలైనా ఉండదు. పైన పాట మామూలుగా సాగిపోతూ ఉంటే, కింద తీగలు ఒక్కో మెట్టూ దిగుతూ ఎక్కడికో తీసుకుపోతాయి. గ్రీగ్ దంపతుల ఒక్కగానొక్క కూతురు అలెగ్సాండ్రా ఏడాది దాటగానే 1869లో చనిపోయింది. ఆ తరవాత వాళ్లకు పిల్లలు లేరు. ఈ రెండు ముక్కలూ పట్టుకుని నేనొక కథ అల్లాను. పోయిన బిడ్డ కోసమే ఆయన ఆ జోలపాట ఏరుకున్నాడనీ, ఆ లోయల్లో ఆరు నెలల చీకటి ఉంటుంది కాబట్టి తల్లులు అలా పాడుకుంటారనీ చెప్పాను. చెప్తుంటే నా గొంతే పూడుకుపోయింది. విన్నవాళ్లలో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి నేను గర్వంగా ఇంటికి వెళ్లాను.

జరిగింది ఇది. 1891 వేసవిలో గ్రీగ్ తన స్నేహితుడు ఫ్రాంట్స్ బేయెర్‌తో కలిసి యోటున్‌హైమెన్ కొండల్లో తిరగడానికి వెళ్లాడు. స్కోగాదాల్స్‌బోయెన్ అనే చోట పశువుల మందతో ఉంటున్న ఒక ఇరవయ్యేళ్ల అమ్మాయి, అక్క బిడ్డను జోకొడుతూ పాడుతుంటే వాళ్లు విన్నారు. ఆ అమ్మాయి యెందే సరస్సు ఒడ్డున పుట్టింది కాబట్టి యెందీనే అని పేరు పెట్టారు. ఆ సరస్సు నీళ్లతోనే జ్ఞానస్నానం చేయించారట. మేకకొమ్ము బూర కూడా బాగా ఊదేది. ఆ పాటలో ఉన్నది ఏమిటంటే, ఉయ్యాల్లో పడుకోబెట్టిన బిడ్డ కాసేపు ఏడవడం, కాసేపు నవ్వడం, చిన్నప్పుడు తన అమ్మ తనను ఒళ్లో పెట్టుకుని ఆడించిన జ్ఞాపకం. చీకటి లేదు. ఎండాకాలం, రాత్రి పదకొండింటికి కూడా వెలుతురుండే రోజులు. చావు లేదు. యెందీనే స్లోలియెన్ 1871లో పుట్టి 1972లో పోయింది. నూరేళ్లు నిండిన మనిషి. గ్రీగ్ తన కూతుర్ని తలుచుకునే ఆ పాట ఎంచుకున్నాడనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రెండింటికీ మధ్య ఇరవై రెండేళ్లున్నాయి. ఆ లంకె పూర్తిగా నేను కట్టిందే. ఒక తండ్రి నిజమైన కడుపుకోతను తెచ్చి నా ఉపన్యాసానికి మెరుగు పెట్టుకున్నాను. ఈ పాటల విషయంలో నేను చేసినవాటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా తలదించుకునేలా చేసేది ఇదే.

చీకటి సిద్ధాంతం కూడా అంతే. స్వీడన్, నార్వేల పాత పాటల్లో ఎంతో భాగం వేసవి దొడ్లలో పెరిగింది. ఊరి పొలాల్లో గడ్డిని చలికాలానికి దాచుకోవాలి కాబట్టి వేసవిలో ఆవుల్నీ మేకల్నీ దూరంగా అడవుల్లోకి, కొండల్లోకి తోలుకుపోయేవారు. ఆ దొడ్లను స్వీడన్‌లో ఫెబూద్ అంటారు, నార్వేలో సేతర్. అక్కడ ఉండేది ఆడవాళ్లే, పదేళ్లు దాటీ దాటని ఆడపిల్లలతో సహా. పాలు పితకడం, వెన్న తీయడం, విరుగుడు నీళ్లను గంటల తరబడి కాచి గోధుమరంగు చీజ్ చేయడం, సాయంత్రం అడవిలో చెల్లాచెదురైన మందను పిలవడం. ఆ పిలుపే కుల్నింగ్. గొంతును ఎత్తులకు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి మెలికలు తిప్పుతూ కిందికి జార్చే కేక అది. మైళ్ల దూరం వినిపించాలి, తోడేలు ఉంటే బెదరాలి, తన ఆవు తన పేరు గుర్తుపట్టాలి. దాన్ని నేను ‘ఒంటరి ఆత్మ ఆక్రందన’ అని ఒక వ్యాసంలో రాశాను. ఒంటరితనం ఉండే ఉంటుంది, కాదనను. కానీ అంతకన్నా ముందు అది పని. ఆ కేక అందుకుని అడవిలోంచి గంటలు మోగించుకుంటూ ఆవులు బయటికి వస్తాయి. ఆ వేసవి దొడ్ల జీవనాన్ని 2024 డిసెంబరులో యునెస్కో ఆ రెండు దేశాల ఉమ్మడి వారసత్వంగా తన జాబితాలో చేర్చింది.

ఇంతవరకూ చెప్పింది దుఃఖం లేనిచోట దుఃఖం విన్న సంగతి. ఉన్నచోట వినకపోవడం ఇంకా పెద్ద తప్పు.

ఉద్యోగం మీద స్వీడన్ వెళ్లి ఉప్సాలాలో ఉంటున్నప్పుడు మాకు పాప పుట్టింది. పాపను పడుకోబెట్టడానికి నేనొక ఐస్‌లాండ్ జోలపాట పాడేవాణ్ణి, ‘సోవ్‌దు ఉంగా ఔస్తిన్ మీన్’. రికార్డు విని చెవితో పట్టుకున్న పాట. మాటలు అచ్చం విన్నట్టే పలికేవాణ్ణి, అర్థం తెలియదు. మిగతా ఉత్తర దేశాల పాటలన్నిటికన్నా ఇది నాకు తియ్యగా, చల్లగా, భయం లేనిదిగా వినిపించింది. అలా వినిపించడానికి కారణం ఉంది. నేను పెరిగిన లాలిపాటల్లో ఉయ్యాల్లో ఉన్నది రాముడు, కృష్ణుడు. మా నాయనమ్మ లాలి పాడితే ఊళ్లో ఏ పసివాడైనా దశరథుడి కొడుకైపోయేవాడు. ఊగేది బంగారు ఉయ్యాల, గొలుసులు వెండివి. భయం చెప్పాలంటే బూచాడున్నాడు గానీ, బూచాడు లాలిలోకి రాడు, అన్నం తినకపోతే వస్తాడు. జోలపాట అంటే దీవెన అనే మాట నాలో అంత గట్టిగా పాతుకుపోయింది. లోకంలో ఎక్కడైనా తల్లి ఉయ్యాల పక్కన దీవెన తప్ప మరొకటి పాడుతుందని ఊహించలేదు.

అక్కడ అపార్ట్‌మెంట్లలో బట్టలుతుక్కునే గది అందరికీ ఒకటే, నేలమాళిగలో ఉంటుంది. గోడ మీది పలకలో మన ఫ్లాట్ నంబరున్న చిన్న తాళం మన వేళ ఎదురుగా బిగించుకోవాలి. ఒకరోజు పాపను భుజాన వేసుకుని మిషను ఆగడం కోసం ఎదురుచూస్తూ ఆ పాటే పాడుతున్నాను. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ తడి దుప్పట్లు మడతపెడుతూ ఆగిపోయింది. ఆవిడది ఐస్‌లాండ్. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి.

“నువ్వేం పాడుతున్నావో నీకు తెలుసా?” అంది.

జోలపాట అన్నాను.

“జోలపాటే,” అని, దుప్పటి రెండో చివర నా చేతికిచ్చి పట్టుకోమంది. మడతపెడుతూ కథ చెప్పింది.

ఆ పాట రాసింది యోహాన్ సీగుర్యోన్సన్. ఆయన 1911 నాటి నాటకం ‘కొండల ఐవిందుర్’లోది. పద్దెనిమిదో శతాబ్దంలో ఐవిందుర్, హల్లా అనే జంట దొంగలుగా ముద్రపడి, ఊళ్లకు దూరంగా ఐస్‌లాండ్ నడిగడ్డ మీద, మంచుకొండల నడుమ ఏళ్ల తరబడి దాక్కుని బతికారు. నాటకంలో తరిమేవాళ్లు దగ్గరికొచ్చేస్తారు. బిడ్డతో పరుగెత్తడం కుదరదు, వదిలిపెట్టి వెళ్లడానికి మనసొప్పదు. హల్లా ఆ పాట పాడి, నిద్రపోయిన బిడ్డను జలపాతంలోకి విసిరేస్తుంది. 1918లో స్వీడిష్ దర్శకుడు విక్టర్ షోస్ట్రోమ్ దాన్ని మూకీ సినిమాగా తీశాడు. పాటలో వాన ఉంది, చీకటి ఉంది, మంచుకొండ మీద నెర్రెలున్నాయి, తొందరగా లేవొద్దనే బతిమాలుకోలు ఉంది. బిడ్డ ఆడుకునే ఎముకలు కూడా ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో చెట్లు తక్కువ, కొయ్యబొమ్మలు అందరికీ ఎక్కణ్ణుంచొస్తాయి? పిల్లలు గొర్రెల కాలి ఎముకల్ని గుర్రాలనీ, దవడ ఎముకల్ని ఆవులనీ, కొమ్ముల్ని గొర్రెలనీ పేర్చుకుని ఆడుకునేవారు. అవి ఆ పాపకున్న ఆస్తి. తల్లి వాటిని దాచిపెడతానంటోంది. ఎందుకు దాచాలో ఆమెకు తెలుసు, పాపకు తెలియదు.

ఆ పాటను నేను ‘నీరెండ లాంటి పాట’ అని మిత్రులకు రాశాను.

ఆ రాత్రి నుంచి ఆ పాట మానేశాను. పాప నిద్రపోవడానికి మొరాయించినా నోరు తెరవలేదు. అంత పాపిష్టి పాటను కన్నకూతురి చెవిలో పోశానే అని కుమిలిపోయాను. అప్పుడే మొదటిసారి చదవడం మొదలుపెట్టాను. ముందే చదివి ఉండాల్సింది.

చదివినకొద్దీ తెలిసింది, హల్లా ఒక్కతే కాదని. యోన్ ఆర్నాసన్ సేకరించి 1862–64లో అచ్చువేసిన ఐస్‌లాండ్ జానపద కథల్లో ఒక పాలేరు పిల్ల కథ ఉంది. పెళ్లికాకుండా బిడ్డను కని, ఎవరికీ తెలియకుండా బయట వదిలేస్తుంది. కొన్నాళ్లకు ఊళ్లో నాట్యాల వేడుక. గొర్రెల దొడ్లో పాలు పితుకుతూ, కట్టుకోవడానికి మంచి బట్టల్లేవని తోటి పిల్లతో వాపోతుంది. దొడ్డి గోడ కిందనుంచి పసివాడి గొంతు వినిపిస్తుంది. దిగులుపడకమ్మా, నన్ను చుట్టిన పాతగుడ్డ నీకిస్తాను, అది కట్టుకుని ఆడు అనే భావంతో ఒక చిన్న పాట పాడతాడు. ఆ తల్లికి మతి చలిస్తుంది. ఇప్పటికీ ఐస్‌లాండ్‌లో పిల్లలకు తెలిసిన పాట అది. దాని వెనక ఉన్నది దయ్యాల నమ్మకం ఒక్కటే కాదు. భూమి లేనివాళ్లు ఏడాది ఒప్పందం మీద ఎవరో ఒక రైతు ఇంట్లో పనికి ఉండితీరాలని అక్కడ చట్టముండేది. పాలేర్లకు పెళ్లి, సొంత గూడు అందని పళ్లు. ఇంకోపక్క 1564లో వచ్చిన ‘పెద్ద తీర్పు’ అనే చట్టం. బిడ్డను చంపిందనో, వావి తప్పిందనో శిక్షపడిన ఆడవాళ్లను థింగ్‌వెల్లిర్‌లో నది మడుగులో ముంచి చంపేవారు. ఆ మడుగుకు ఇప్పటికీ ‘ముంచే మడుగు’ అనే పేరే ఉంది. చూడ్డానికి వెళ్తే నీళ్లు తేటగా ఉంటాయి.

స్వీడన్ పొరుగునున్న ఫిన్లాండ్‌లో ఎలియాస్ లెన్‌రూత్ 1840లో కూర్చిన ‘కాంతెలెతార్’లో ఒక తల్లి బిడ్డను మృత్యులోకానికే జోకొడుతుంది. అక్కడి ఇల్లు వెచ్చన, అక్కడ ఆకలుండదు అని చెప్తుంది. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. స్వీడన్ 1749 నుంచే జనన మరణాల లెక్కలు రాసిపెట్టుకున్న దేశం. ఆ తొలి దశాబ్దాల లెక్కల్లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో దాదాపు 200 మంది ఏడాది నిండకుండానే పోయారు. ఇంటికి అయిదుగురు పుడితే ఒకరు దక్కకపోవడం మామూలు. అలాంటి ఇంట్లో ఒక కాలితో ఉయ్యాల తొక్కుతూ, రెండు చేతులా ఉన్ని దువ్వుతూ కూర్చున్న తల్లికి తన భయం చెప్పుకోవడానికి ఎవరున్నారు? మొగుడు పొలంలోనో సముద్రంలోనో ఉన్నాడు. అత్త పక్కగదిలో ఉంది. పాస్టర్‌కు చెప్తే పాపమంటాడు. మాటలు అర్థం కాని వయసులో, గొంతు మాత్రం అర్థమయ్యే వయసులో ఉన్న ఒక్క మనిషి ఎదురుగా ఉంది. స్వరం బిడ్డకు, మాట తనకు. ఆ బిడ్డను చంపాలని ఏ తల్లీ అలా పాడలేదు. పొద్దున లేచి మళ్లీ పాలివ్వడానికి పాడింది.

ఇది నాకై నేను తెలుసుకున్నానని చెప్పుకోను. ఆ పెద్దావిడే చెప్పింది. కొన్ని వారాల తరవాత మెట్ల మీద ఎదురై, “పాట వినిపించడం లేదేం?” అంది. మానేశానని, కారణం చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది.

“మా అమ్మ నాకు పాడింది. నేను మా ఇద్దరు మగపిల్లలకూ పాడాను. మా ఊళ్లో అందరికీ ఆ కథ తెలుసు. తెలిసే పాడతాం. నీకు తెలియనప్పుడు పాడావు, తెలిశాక మానేశావు. మరి హల్లాను ఎవరు తలుచుకోవాలి?”

జవాబు చెప్పలేకపోయాను. తప్పుడు అర్థంతో పాడటం నా మొదటి తప్పు, అర్థం తెలిసి భయపడి తలుపేసుకోవడం రెండోది. రెండో తప్పే పెద్దదని ఇప్పుడు నా నమ్మకం. తియ్యగా ఉన్నంతసేపూ ఆ తల్లుల పాట నాకు కావాలి. వాళ్ల కష్టం ఏమిటో తెలియగానే వాళ్లు నాకు పాపిష్టివాళ్లయిపోయారు. దిగులంటే అంత ఇష్టపడ్డ నేను, నిజమైన దిగులు ఎదురైనప్పుడు అర నిమిషం నిలబడలేకపోయాను.

ఆ రాత్రి మళ్లీ పాడాను. ఈసారి నెమ్మదిగా, మాట మాటా తెలిసి. పాప ఎప్పట్లాగే మూడో చరణం దాకా రాకుండానే నిద్రపోయింది. నేను మాత్రం ఆఖరిదాకా పాడాను.

ఆ తరవాత ఇంకో పాట నేర్చుకున్నాను, స్వీడన్ తల్లులు పాడే ‘వుస్సన్ లుల్’. దారి వెంట ముగ్గురు బాటసారులు వస్తుంటారు. ఒకడు కుంటి, ఒకడు గుడ్డి, మూడోవాడి ఒంటిమీద చిరుగుపాతలు. ఈ వరస మీదే స్వీడన్ పాటల కవి ఏవెర్ట్ తౌబె తన ‘బుస్సన్ లుల్’ కట్టాడు. అది 1919లో ఆయన మొదటి పాటల పుస్తకంలో వచ్చింది. అందులో సముద్రం, నక్షత్రాలు, ఓడలు కలిపాడు. చాలా అందమైన పాట. కానీ నాకు పాతదే ఎక్కువ ఇష్టం. పూర్వం ఆ దేశాల్లో దిక్కులేనివాళ్లను ఊరు పోషించే పద్ధతి అదే, ఒక్కో ఇంట్లో కొన్ని రోజుల చొప్పున తిప్పడం. ఆ ముగ్గురూ కవి కల్పనలు కారు. రేపు తలుపు తట్టబోయేవాళ్లు. పొయ్యి మీద కుండ నిండా వండాలని ఉయ్యాల్లో బిడ్డకు ముందే చెప్పిపెట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

ఈ పాటలు వినాలనుకునేవాళ్లకు ఒక్క మనవి. వాద్యాలు లేకుండా ఒంటిగొంతుతో పాడినవి ముందు వినండి. ఫిన్లాండ్ దీవుల్లోని నోతోలో పుట్టిన స్వెయా యాన్సన్ (1904–1980) అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు వందలకొద్దీ స్వీడిష్ రేడియోకు పాడింది. రేడియో తరఫున మాట్స్ అర్న్‌బెర్గ్ వాటిని రికార్డు చేశాడు. నార్వే వాళ్లలో ఆగ్నెస్ బూయెన్ గార్నోస్, సేతెస్‌దాల్‌లో ఉండే కిర్స్టెన్ బ్రోతెన్ బెర్గ్ ఉన్నారు. ఆ మధ్య గాంధారం చెవికి అలవాటయ్యాక గ్రీగ్‌నీ, ఆ తరవాత యోహాన్సన్‌నీ వినండి. వినేముందు పాట పేరు చదవండి. పెళ్లి పాటయితే పెళ్లి పాటగానే వినండి, పశువుల్ని పిలిచే కేకయితే ఆవులు వస్తున్నాయని నమ్మి వినండి. జోలపాటయితే మాటల అర్థం కనుక్కోండి. ఎంత భయంకరంగా ఉన్నా సరే కనుక్కోండి. కనుక్కున్నాక కూడా మీ బిడ్డకు పాడాలనిపిస్తే వెనకాడకుండా పాడండి.